‘నేను చూసుకుంటాలే’ అన్న ఓఆర్ఎమ్ గారికి

మహారాజశ్రీ ఓఆర్ఎమ్ గారి సముఖమునకు,

నమస్కారములు. ప్రోగ్రాముకీ డేటాబేస్‌కీ మధ్య కూర్చుని, డేటా ఇమ్మని అడిగే క్వెరీలు మా బదులు తామే రాస్తామన్న మధ్యవర్తి తమరు. ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం. ఇక్కడ కుశలం లేదు గానీ, తమరు క్షేమంగానే ఉన్నట్టు గ్రాఫులు చెబుతున్నాయి. సర్వర్ సీపీయూ కునుకు తీస్తోంది. మెమరీ సగానికి పైగా ఖాళీ. డేటాబేస్ చల్లగా ఉంది. అందరూ ఇంత హాయిగా ఉన్న వేళ, గుంటూరులో మా క్లయింట్ గారి మిర్చి కమీషన్ కొట్లో ‘ఈరోజు బిల్లులు’ అని నొక్కితే చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. కాటా అయిపోయింది, రైతులు కౌంటర్ ముందు నిలబడ్డారు. గుమస్తా గారు ఫోన్ చేసి, “ఏవండీ, మీ కంప్యూటర్ కంటే మా పాత చిట్టా పుస్తకమే నయం కదండీ” అన్నారు. ఆయన అన్నది అబద్ధమైతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో తమరికి తెలియనిది కాదు. ముందు నెట్ మీద పడతాం. నెట్ బాగానే ఉంది. తర్వాత క్లౌడ్ మీద పడతాం. మెషీన్ సైజు పెంచాం. నెలాఖరు బిల్లు పెరుగుతుంది, పేజీ మాత్రం కదల్లేదు. బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నాం. ఇంకేమీ తోచనప్పుడు మావాళ్లు చెప్పే మాట అదే. ఆఖరికి డేటాబేస్ బాగోగులు చూసే డీబీఏ గారి కాళ్ల మీద పడితే ఆయన స్లో క్వెరీ లాగ్ తెరిచి చూపించారు. ఖాళీ. “నా వైపు ఒక్క క్వెరీ కూడా లేటు లేదు బాబూ, మీ జావా వాళ్లే చూసుకోవాలి” అన్నారు. నిజమే. మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అందులో సమయం గీతని ఎవరూ ముట్టుకోకపోతే, 10 సెకన్లు దాటిన క్వెరీకే ఆ లాగ్‌లో చోటు. తమరు పంపేవి ఒక్కోటీ మిల్లీసెకనులో పని ముగించుకుని వెళ్లిపోతాయి. ఎంత పద్ధతి! ఏ ఒక్కటీ ఆలస్యం చేయదు కాబట్టి ఏ ఒక్కటీ పట్టుబడదు.

మధ్యాహ్నమంతా అలా పోయాక, సాయంత్రం టీ తాగుతూ ఆయనకే ఎందుకో అనుమానం వచ్చింది. డేటాబేస్ తనే రాసుకునే లెక్కల పుస్తకం పర్ఫార్మెన్స్ స్కీమా తెరిచి, ఏ క్వెరీకి ఎంతసేపు పట్టిందో వదిలేసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో ఆ వరసలో పేర్చారు. అన్నిటికంటే పైన ఒకటే వాక్యం: రైతుల టేబుల్లోంచి ఫలానా ఐడీ ఉన్న రైతుని ఇవ్వు. దాని పక్కనున్న అంకెకి కామాలు పెట్టుకుంటే తప్ప చదవలేకపోయాం.

“ఏం బాబూ, జిల్లాలో రైతులందర్నీ ఒక్కొక్కర్నే పేరు పెట్టి పిలుస్తున్నారా?” అన్నారాయన.

అవునండీ. పిలుస్తున్నది తమరే.

ఇది చదువుతున్న డెవలపర్లలో సగం మంది ఈపాటికే తల ఊపుతుంటారు. మిగతా సగానికి ప్రొడక్షన్‌లో ఇంకా వంద వరసలు నిండలేదన్నమాట. వాళ్ల కోసం లెక్క చెబుతాను. బిల్లులు 400 అనుకుందాం. బిల్లులు ఇమ్మని నేను అడిగింది ఒక్కసారి. తమరు ఒక్క క్వెరీతో తెచ్చారు, సంతోషం. ఆ తర్వాత ప్రతి బిల్లుకీ రైతు ఎవరో కనుక్కురావడానికి ఒక్కో ప్రయాణం, 400. ప్రతి బిల్లు కిందా ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నాయో, వాటి బరువెంతో చూసి రావడానికి మళ్లీ 400. వెరసి 801. కమీషన్ ఏజెంట్లు కొద్దిమందే, పైగా ఒకసారి తెచ్చిన మనిషిని సెషన్ అయ్యేదాకా తమరు గుర్తుపెట్టుకుంటారు కాబట్టి అక్కడ మాత్రం బతికిపోయాం. రైతులు ఏ బిల్లుకి ఆ రైతే. ఇదంతా టేబుళ్లని కలిపే రెండు మూడు జాయిన్లు, బరువుల మొత్తానికి ఒక గ్రూప్ బై రాస్తే ఒకే ఒక్క క్వెరీలో వచ్చే సరుకు. డిగ్రీలో డీబీఎంఎస్ పేపరు గట్టెక్కిన ప్రతివాడూ రాయగలడు. రాయనిచ్చారా తమరు?

ఒక్కో ప్రయాణం మిల్లీసెకనే కదా అని తమరి వకీళ్లు వాదిస్తారు. అప్లికేషన్ ఒక మెషీన్లో, డేటాబేస్ ఇంకో మెషీన్లో. వెళ్లి రావడానికి, వచ్చినదాన్ని ఆబ్జెక్టుగా మలచడానికి కలిపి 2 మిల్లీసెకన్లే వేసుకున్నా, 801కి సెకనున్నర దాటుతుంది. అదీ ఒక్క మనిషి నొక్కితే. సీజన్లో మధ్యాహ్నం పూట కొట్లన్నీ కలిసే నొక్కుతాయి. డేటాబేస్‌కి కనెక్షన్లు పంచిపెట్టే పూల్ పేరు హికారీసీపీ. దాన్ని కదిలించకపోతే ఇచ్చేది 10 కనెక్షన్లు. పదిమంది తలో కనెక్షనూ బిగించి పట్టుకుని 801 ప్రయాణాలు చేస్తుంటే, పదకొండో ఆయన వరసలో నిలబడాలి. వరస పెరిగే కొద్దీ ప్రయాణాలూ నెమ్మదిస్తాయి, 30 సెకన్లు నిలబడినా కనెక్షన్ దొరకనివాడు ఎర్రర్ పుచ్చుకుని వెనక్కి పోతాడు. గుమస్తా గారు ఊరుకుంటారా? రిఫ్రెష్ నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ ఇంకో 801.

నెమ్మదిగా ఉన్నందుకు నాకు కోపం లేదు. నెమ్మదిగా ఉండేవాళ్లు మా ఆఫీసులో చాలామందే ఉన్నారు, అందరితోనూ కలిసి భోంచేస్తాను. నా బాధంతా ఆ చుక్క గురించి. బిల్లు, చుక్క, రైతు, చుక్క, పేరు. కోడ్‌లో చూస్తే చేతిలో ఉన్న వస్తువులోంచి పేరు చదువుతున్నట్టే ఉంటుంది. ఆ చుక్క వెనక ఒక నెట్‌వర్క్ ప్రయాణం ఉందని, అవతల ఇంకో మెషీన్ లేచి కూర్చుని జవాబు చెప్పాలని ఎక్కడైనా రాసి ఉందా? ఫైల్ తెరిస్తే తెరిచినట్టు కనబడుతుంది. ఇంకో సర్వీసుని పిలిస్తే పిలిచినట్టు కనబడుతుంది, పడిపోతే ఏం చేయాలో రాసుకుంటాం. మీ దగ్గర మాత్రం ఉన్నదాన్ని చదవడానికీ లేనిదాన్ని తెప్పించుకోవడానికీ ఒకటే చుక్క. కోడ్ రివ్యూలో ఆ వరసని ఎంతమంది చూసి ‘బాగుంది’ అన్నారో! అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. డెవలపర్ లాప్‌టాప్‌లో పది బిల్లులు, పక్కనే డేటాబేస్. కళ్లు మూసి తెరిచేలోగా వస్తుంది. టెస్టర్ దగ్గర ఇరవై బిల్లులు, అక్కడా వస్తుంది. డెమోలో క్లయింట్ చప్పట్లు కొడతాడు. ఫిబ్రవరి వచ్చి యార్డుకి సరుకు దిగాక గానీ మీ సంగతి బయటపడదు.

పోనీ రైతుని నేనే అడిగాను, మీరు తెచ్చారు అనుకుందామా? ఇంకో పేజీ ఉంది. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, అంతే. రైతు పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు. అక్కడా ప్రతి బిల్లుకీ రైతుని పట్టుకొచ్చారు. ఎందుకయ్యా అంటే 2006లో జేపీఏ అనే జావా ఓఆర్ఎమ్‌ల నియమావళి రాసిన పెద్దలు మెనీ-టు-వన్ (చాలా బిల్లులకి ఒక రైతు) సంబంధానికి డీఫాల్ట్ ఈగర్ అని నిర్ణయించారు. వన్-టు-మెనీకి లేజీ అన్నారు. అప్పట్నుంచీ ప్రతి ఫీల్డు నెత్తిన చేత్తో లేజీ అని రాసుకుంటూ బతుకుతున్నాం. ఈగర్ అంటే అక్కర్లేకపోయినా తెస్తావు, ఒక్కొక్కటిగా. లేజీ అంటే అడిగినప్పుడే తెస్తావు, అదీ ఒక్కొక్కటిగానే. ‘అన్నీ కలిపి ఒకేసారి’ అనే మాట మాత్రం నేను గొంతు చించుకుంటే తప్ప నీ నోట రాదు.

అవును, నువ్వు అనే అంటున్నాను. గారూ బూరూ ఇక్కడితో సరి.

1970లో ఐబీఎం శాన్ హోసే ల్యాబ్‌లో పనిచేసే ఈ.ఎఫ్. కాడ్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. దానికి ముందు డేటా కావాలంటే ప్రోగ్రామరే ఒక రికార్డు దగ్గరికి వెళ్లి, అక్కడున్న పాయింటర్ పట్టుకుని ఇంకో రికార్డుకి, అక్కణ్ణుంచి మరో దానికి నడుచుకుంటూ పోవాలి. ఐఎంఎస్, కోడాసిల్ అనే పాతకాలపు డేటాబేస్ పద్ధతుల రోజులు. చార్లెస్ బాక్‌మన్ అయితే 1973లో ట్యూరింగ్ అవార్డు పుచ్చుకుంటూ ప్రోగ్రామర్‌ని నావికుడనే అన్నాడు, అదీ మెచ్చుకోలుగా. కాడ్ చెప్పింది దానికి పూర్తిగా ఎదురు: దారితో ప్రోగ్రామర్‌కి పనేంటి, ఏం కావాలో చెబితే చాలు, ఎలా తేవాలో డేటాబేస్ చూసుకుంటుంది. 1974లో చాంబర్లిన్, బాయిస్ కలిసి ఆ చెప్పడానికి ఒక భాష తయారుచేశారు. అదే మన ఎస్‌క్యూఎల్. ఏ టేబుల్ ముందు చదవాలి, ఏ ఇండెక్స్ వాడాలి అని ఆలోచించడానికి ఆప్టిమైజర్ల మీద కొన్ని తరాలు పనిచేశాయి. 2001లో జావాలో హైబర్నేట్ అనే పేరుతో అవతరించి నువ్వేం చేశావు? బిల్లు దగ్గరికి వెళ్లి, అక్కణ్ణుంచి రైతు దగ్గరికి, అక్కణ్ణుంచి ఊరి దగ్గరికి. మళ్లీ నడక! అవతల 400 మందిని ఒక్క ఊపులో వెతికి ఇవ్వగల ఆప్టిమైజర్ చేతులు కట్టుకుని కూర్చుంది, దాని చేతికి నువ్వు ఒక్కో ఐడీ చొప్పున చీటీలు అందిస్తున్నావు. కాడ్ మూసేసిన దారిని తవ్వి తీసి, దానికి చుక్క అని బోర్డు పెట్టావు.

సరే, బాగుచేద్దామని కూర్చున్నాం. జాయిన్ ఫెచ్ అని రాస్తే టిక్కీలు కూడా ఒకేసారి వచ్చాయి. ఆనందం. పేజీకి యాభై బిల్లులు చాలు అన్నాం. లాగ్‌లో ఒక వార్నింగ్ పడేసి, క్వెరీ ఫలితం మొత్తం మెమరీలోకి లాక్కొచ్చి, అందులోంచి యాభై లెక్కపెట్టి ఇచ్చావు. లిమిట్ అనే మాట ఎస్‌క్యూఎల్‌లో లేనట్టు! పోనీ పేజీలు వద్దులే, టిక్కీల జాబితా, హమాలీ చెల్లింపుల జాబితా రెండూ బిల్లుతోపాటు తెచ్చిపెట్టు అంటే మల్టిపుల్ బ్యాగ్ ఫెచ్ ఎక్సెప్షన్ అని అడ్డం తిరిగావు. రెండు సంచులు ఒకేసారి మోయలేవట. గుంటూరు యార్డులో ఈ మాట అని చూడు, హమాలీలు ఎలా నవ్వుతారో. లిస్ట్ తీసేసి సెట్ పెట్టండి, నోరు మూసుకుంటుంది అని ఇంటర్నెట్ సలహా. నిజంగానే మూసుకున్నావు, ఆ తర్వాత రెండు జాబితాల్నీ ఒకదానితో ఒకటి హెచ్చవేసి, ముప్పై టిక్కీలు, పది చెల్లింపులు ఉన్న బిల్లుకి మూడు వందల వరసలు దింపావు. బ్యాచ్ సైజ్, సబ్‌సెలెక్ట్, ఎంటిటీ గ్రాఫ్. రోగం ఒకటే, మందుల షాపంతా నీదే. ఇన్ని మందులు నేర్చుకునే ఓపికే ఉంటే ఎస్‌క్యూఎల్ నేర్చుకోనా?

కానీ అసలు ఆకర్షణ అదే కదా, నేర్చుకోనక్కర్లేదన్నావు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడ గోడకీ నీ పేరే ఉండేది. స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్. డెమో క్లాసు ఫ్రీ. ఇరుకు గదిలో వందమందిని కూర్చోబెట్టి, క్వెరీలు మీరు రాయక్కర్లేదు, అది చూసుకుంటుంది అని చెప్పి పంపారు. ఇంటర్వ్యూలో హైబర్నేట్ వల్ల లాభం ఏమిటి అంటే డేటాబేస్ ఇండిపెండెన్స్ అని ఠక్కున చెప్పాలి, చెప్పాం, ఉద్యోగాలు వచ్చాయి. రేపు ఒరాకిల్ తీసేసి మరొకటి పెట్టుకోవచ్చట, ఒక్క లైను మారిస్తే చాలట. రేపు అన్నది రాలేదు. ఫ్రేమ్‌వర్కులు మారాయి, స్క్రీన్లు మారాయి, కంపెనీల పేర్లూ మారాయి. డేటాబేస్ మాత్రం ఎక్కడిదక్కడే.

పేరు చూసే క్వెరీ కట్టేసే ఆ రిపాజిటరీ మెథడ్ల పేర్ల గురించి ఒక్క ముక్క. ఫైండ్ బై రైతు ఊరు మండలం నేమ్ అండ్ స్టేటస్ ఇన్ అండ్ బిల్ డేట్ బిట్వీన్ ఆర్డర్ బై బిల్ డేట్ డిసెండింగ్. వెంకటనరసింహరాజువారిపేట స్టేషన్ బోర్డు దీని ముందు పొట్టిది. క్వెరీ రాయను అని పంతం పట్టి, అదే క్వెరీని ఖాళీల్లేకుండా పేరులో రాశారు.

ఇంక ఆర్కిటెక్చర్. కంట్రోలర్, సర్వీస్, సర్వీస్ ఇంప్ల్, రిపాజిటరీ, ఎంటిటీ, డీటీవో, మ్యాపర్. తేమ శాతం అని ఒక కాలమ్ కలపాలంటే ఇంతమంది గడపా తొక్కాలి. ఆ సర్వీస్ అనే ఇంటర్‌ఫేస్‌కి పుట్టినప్పట్నుంచీ ఒక్కటే ఇంప్ల్, అంటే దాన్ని అమలు చేసే కోడ్. ఇంకోటి వస్తుందని ఎదురు చూస్తున్న ఆర్కిటెక్టు గారు ఈపాటికి కెనడాలో ఉన్నారు. బిల్లుని జేసన్‌గా మార్చమంటే బిల్లులో రైతు, రైతులో బిల్లులు, ఆ బిల్లుల్లో మళ్లీ అదే రైతు అంటూ స్టాక్ పగిలేదాకా తిరిగిన ముచ్చట ఇంకోసారి చెప్పుకుందాం.

ఇంత తిట్టాక కూడా నిన్ను పూర్తిగా వదిలించుకోలేకపోతున్నాను, అదే నా ఖర్మ. నువ్వు రాకముందు, జావాలో డేటాబేస్‌తో అంతా చేత్తో రాసుకున్న జేడీబీసీ రోజులు గుర్తున్నాయి. కనెక్షన్ తెరువు, స్టేట్‌మెంట్ తెరువు, రిజల్ట్ సెట్ తెరువు, ముప్పై కాలమ్‌లూ ఒక్కొక్కటిగా చదివి ఆబ్జెక్టులో పొయ్యి, అన్నీ మూసెయ్యి, మూసేటప్పుడు వచ్చే ఎర్రర్‌కి ఇంకో ట్రై-క్యాచ్ రాయి. యూజర్ టైపు చేసిన పేరుని క్వెరీలో కోట్స్ మధ్య అతికించి, సైట్‌ని దొంగలకి అప్పజెప్పిన కోడ్ కూడా చూశాను. నువ్వు వచ్చాక పారామీటర్లు వాటి దారిన అవి కట్టుకుంటున్నాయి. బిల్లులో ఒక్క అంకె మారిస్తే, ఏది మారిందో నువ్వే కనిపెట్టి, ట్రాన్సాక్షన్ చివర్లో అప్‌డేట్ పంపుతావు. మొన్న ఇద్దరు గుమస్తాలు ఒకే బిల్లుని రెండు కంప్యూటర్లలో తెరిచి చెరో రేటూ వేశారు. వెర్షన్ కాలమ్ చూసి రెండో ఆయన్ని ఆపింది నువ్వే. లేకపోతే ఆ రైతుకి ఏ రేటు దక్కేదో ఆ దేవుడికే తెలియాలి. ఒక బిల్లు తెచ్చి, మార్చి, దాచడంలో నీ అంత నమ్మకస్తుణ్ణి చూడలేదు. నాలుగు వందలు చూపించమన్నప్పుడే నీకు పూనకం వస్తుంది.

కాబట్టి వాటాలు పంచుతున్నాను. రాయడం నీది, చదివి చూపించడం నాది. ‘ఈరోజు బిల్లులు’ ఇప్పుడు చేత్తో రాసిన ఒక్క ఎస్‌క్యూఎల్. అందులో ఎంటిటీలు లేవు, పేజీకి కావలసిన కాలమ్‌లే ఉన్నాయి, అవి నేరుగా డీటీవో అనే ఉత్త డేటా డబ్బాలోకి వెళతాయి. డీబీఏ గారు దాన్ని చదివి, “ఇది మనుషులు రాసినట్టుంది” అని, అడక్కుండానే బిల్లు తేదీ మీద ఇండెక్స్ వేశారు. నీ మొహం చూసి ఆయన ఎప్పుడైనా ఇండెక్స్ వేశారా? బిల్డ్‌లో నీ మీద ఒక కాపలా కూడా పెట్టాను. నీ స్టాటిస్టిక్స్ నువ్వే ఇస్తావు కదా, ఒక పేజీకి ఎన్ని స్టేట్‌మెంట్లు పంపావో టెస్టులో లెక్కపెడుతున్నాం. గీత దాటితే బిల్డ్ పడిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలు దీని మీద ఇప్పటికే గొణుగుతున్నారు, గొణగనీ. గుమస్తా గారి చిట్టా పుస్తకం గల్లాపెట్టెలోనే ఉందట, తీసెయ్యమని అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

ఇట్లు,
తమరి జావా అవతారంతో కాపురం చేస్తున్న ఒక డెవలపర్

తా.క.: తమరి జోడీ స్ప్రింగ్ బూట్ గారు లేచినప్పుడల్లా లాగ్‌లో ఒక వార్నింగ్ రాస్తారు: ఓపెన్-ఇన్-వ్యూ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది, పేజీ గీసేటప్పుడు కూడా క్వెరీలు నడవచ్చు అని. తప్పని తెలుసు, హెచ్చరిక తనే రాస్తారు, ఆన్ కూడా తనే చేస్తారు. నేను ఆఫ్ చేశాను. ఇప్పటిదాకా మాట్లాడకుండా పనిచేసిన పేజీలన్నీ వరసగా లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ అని పడిపోతున్నాయి. గుమస్తా గారి ఫోన్ వస్తోంది. ఉంటాను.